అంటు కింది గులాబీ

తోటల ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేసి దిగినాను. కర్నూలు, కడప దాటి నా ఉద్యోగం ఎప్పుడూ బయటికి పోలేదు. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో, ఎవరి సంతకంతో ఏ మెట్టు ఎక్కినానో ఇందులో ఉండదు. ఆ కాగితాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, చెదలు చదువుకుంటాయి.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు చేతిలో ఫోను పట్టుకొని తోటల్లోకి పోతున్నారు. ఫొటో తీస్తారు, పైకి పంపుతారు, పని అయిపోతుంది. వాళ్లను తిట్టేదానికి కాదు నేను రాస్తున్నది. వాళ్ల వయసులో నేను చేసింది అంతకన్నా మేలేం కాదు. నాకు ఫోను లేదు, నోరు ఉండేది. ఆ నోటితోనే కమలాపురం పక్క ఒక ఇంటి గులాబీ తోట పీకించినాను. ఆ ఇంటికి దాన్ని తిరిగి తెచ్చియ్యాలని నేను పడిన పాట్లు, మధ్యలో చేసిన బుద్ధి తక్కువ పని చెప్తాను. నా నుంచి నేర్చుకోవాల్సింది ఏదన్నా ఉంటే అదొక్కటే.

ముక్కుతో చూడడం

మొదటి పోస్టింగు కోడుమూరు పక్క. మా పెద్ద సారు ముక్కోపి. పొద్దస్తమానం ముక్కుపొడి పీల్చేవాడు, అయినా ఏ ఆకైనా నలిపి వాసన చూడకుండా పేరు చెప్పేవాడు కాదు. నేనొకసారి దూరం నుంచే చూసి ఏదో చెట్టు పేరు చెప్తే, జీపులో అందరి ముందర అన్నాడు: "ముక్కుకు పని చెప్పనోనివి తోటల ఆఫీసుకు ఎందుకొచ్చినావప్పా? పోయి ఏదన్నా బ్యాంకులో చేరు."

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు ఆయనతో ముభావంగానే ఉన్నాను. కానీ ఆయన చూపించిన ఒక చెట్టు మాత్రం మర్చిపోలేదు.

వాన లేని ఏడది. ఒక ఊర్లో సుంకమ్మ అని కూలికి పోయే ఆమె ఇంటి ముందర జీపు ఆపించినాడు. స్నానాల బండ పక్కన నడుము ఎత్తు గులాబీ చెట్టు, దాని నిండా పూలు. ఊర్లో బోర్లన్నీ ఎండి ట్యాంకరు వస్తా ఉంది.

"దీనికి నీళ్లు యాడివమ్మా?" అని అడిగినాడు.

"బోకులు కడిగిన నీళ్లే సామీ," అనిందామె. "నీళ్లు లేకున్నా ఊరికే ఉంటాది. మేకలు మొదలుదాకా తినిపోతే మల్లా వస్తాది. దాని పాటికి అది బతుకుతాండాది."

సారు ఒక పువ్వు కోసి నా చేతిలో పెట్టినాడు. పెద్ద పువ్వేం కాదు. లేత గులాబి రంగు, అరచేతిలో సగం. లోపల రేకులు చాలా, ఒత్తుగా, వరస లేకుండా, తడి బట్ట పిండి పెట్టినట్టు. మెడ మెత్తన, పువ్వు బరువుకు తల వాలిపోతుంది. ముండ్లు దండిగా ఉంటాయి. తెల్లవారుజామున విచ్చుతుంది. ఎండ ఎక్కే కొద్దీ వాసన తగ్గుతుంది. మధ్యాన్నానికి ముట్టుకుంటే రేకులు రాలిపోతాయి. బస్సెక్కించి దూరాలకు పంపే పువ్వు కాదు. ఇంటి ఆడవాళ్ల జడకు, దేవుని పటానికి, గుల్కందుకు, పన్నీరుకు పనికొస్తుంది. వాసన మాత్రం ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ రాదు. తియ్యగా ఉంటుంది, కానీ అత్తరు మాదిరి ముక్కు మీద కూర్చోదు.

మన ఊర్లలో దీన్ని నాటు గులాబీ అంటారు, పన్నీరు గులాబీ అంటారు. నాటు అంటాం గానీ ఇది శానా దూరం నుంచి వచ్చింది. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల దీవి ఒకటి ఉంది. ఆడ చేలకు కంచెగా రెండు రకాల గులాబీలు నాటేవాళ్లంట. ఒకటి చీనా దేశానిది, ఒకటి పన్నీరు తీసే పాత పడమటి రకం. ఆ రెండూ కంచెలో వాటంతటవే కలిసి ఇది పుట్టిందని మా పుస్తకాల్లో రాసుంటుంది. దాని పేరు ఎడ్వర్డ్ అని చదువుకున్నాం. కర్నూలోళ్లను అడిగితే నవాబుల తోటల నుంచి వచ్చిందంటారు. కడపోళ్లు మా దర్గాలకే మొదట వచ్చిందంటారు. ఏది నిజమో నాకు తెలీదు. కంచెలో పుట్టిన మొండితనం మాత్రం దాంట్లో ఉంది. పుల్ల విరిచి తడిమట్టిలో గుచ్చితే చాలు, బతుకుతుంది.

ఖాసీం సాబ్ తోట

పదేళ్ల తర్వాత కమలాపురం పక్కకు మార్చినారు. ఆడ ఒక ఊర్లో ఖాసీం సాబ్ అని చిన్న రైతు. నాకంటే పదేళ్లు పెద్ద. భార్య హుస్సేన్‌బీ. బావి పక్కన వాళ్లకు ఇరవై అయిదు సెంట్ల గులాబీ తోట ఉండేది, మొత్తం ఆ పాత రకమే. ఆయన జేజినాయన నాటిన మొదళ్లే ఇంకా చిగురేస్తా ఉండేవి.

ఆ ఊర్లో ఒక పీరు దర్గా ఉంది. ఏటా ఉరుసుకు గంధం చెక్క అరగదీసి, పన్నీరుతో కలిపి, గిన్నె తలమీద పెట్టుకొని ఊరేగిస్తారు. తురకలు, హిందువులు తేడా లేకుండా అందరూ ఆ గంధం మెడకు పూయించుకుంటారు. ఆ గంధంలో పోసే పన్నీరు ఖాసీం సాబ్ ఇంటి నుంచే పోవాలి. అది ఆ ఇంటి వంతు. అందులో ఒక కట్టుబాటు ఉండేది. అంగట్లో కొన్నది పోయగూడదు. సొంత తోటలో పూసిన పువ్వు, సొంత బావి నీళ్లు, ఇంట్లో తీసిన పన్నీరే కావాలి.

పన్నీరు తీసేది నేను చూసినాను. రాగి డేగిశాలో రేకులు, నీళ్లు. మధ్యలో ఇటుక పెట్టి దాని మీద ఖాళీ గిన్నె. మూత తిరగేసి పెట్టి, అంచుకు పిండి మెత్తి, మూత గుంతలో చల్లనీళ్లు పోస్తారు. కింద ఆవిరి లేస్తుంది, చల్లటి మూతకు తగిలి చుక్కలై గిన్నెలో పడుతుంది. మూత మీద నీళ్లు వేడెక్కితే తీసి మళ్లీ చల్లనీళ్లు పోయాలి. పొయ్యి దగ్గరి నుంచి లేచేదానికి లేదు. హుస్సేన్‌బీ అట్లా గంటల తరబడి కూర్చునేది. ఆమెకు ఆ పనంటే గర్వం, ఆ సంగతి దాచుకునేది కాదు.

నేను చెప్పిన మాట

ఆ ఏడు ఒక పథకం వచ్చింది. కొత్త గులాబీ అంటు మొక్కలు ఉచితం. ఎర్రటి పెద్ద పువ్వు, గట్టి కాడ, నాలుగు రోజులు వాడదు, పట్నంలో గిరాకీ. ఒక్కో ఆఫీసరు ఇన్ని ఎకరాలు చూపించాలని లెక్క పెట్టినారు. నాకు బావి ఉండే తోట కావాలి. ఖాసీం సాబ్ తోట బాట పక్కనే ఉంది, ఎవరొచ్చినా చూపించడం సులువు.

నేను చూపించేదానికి తెచ్చిన పువ్వు ఆయన పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. "వాసన లేదే సారూ?"

"వాసన ఎవరికి కావాల సాబూ? నాలుగు దినాలు నిలబడే పువ్వు కావాల," అన్నాను.

ఆయన "మీరు చెప్తాండారంటే సరే సారూ," అన్నాడు. ఇది రాసుకోండి పిల్లలూ. రైతు సరే అన్నాడంటే ఒప్పుకున్నాడని కాదు. ఇంటికొచ్చిన పెద్ద మనిషికి ఎదురు చెప్పలేక సరే అంటాడు. తర్వాత నాలుగుసార్లు గొంతు సవరించుకుంటాడు. ఆ గొంతు సవరించుకునేటప్పుడు మనం ఆడ ఉండాలి. నేను అప్పటికే బండి స్టార్టు చేసినాను.

హుస్సేన్‌బీ మాత్రం ఎదురుగానే అడిగింది. "నాయనా, బావి పక్క ఒక్క సాలు ఉండనీ. ఉరుసు పన్నీరుకు."

ఒక్క సాలు. పది పన్నెండు చెట్లు. ఉండనిస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ తోటలో రెండు రకాలు కనపడగూడదని అప్పటి మా పైసారు మాట. పైవాళ్లు చూసేదానికి వచ్చేటప్పుడు తోట ఒకటే రంగులో ఉండాలంట. ఆ మాట పైనుంచి వచ్చింది నిజమే. ఆమెకు "కుదరదమ్మా" అని చెప్పింది మాత్రం నా నోరు. దాన్ని ఇంకొకరి మీద వేసే దారి లేదు.

ట్రాక్టరుతో పీకించినాను. వేర్లతో సహా తీయించి గట్టున కాలబెట్టించినాను, తెగులు రాకుండా. ఆ మంట దగ్గర నిలబడి నేను టీ తాగినాను.

ఉత్త నీళ్లు

ఉరుసుకు నన్ను పిలిచినారు. పొద్దు వాలేటప్పుడు దర్గా ముంగిట గంధం అరగదీస్తా ఉన్నారు. నేను మర్యాదకు ముందు వరసలో కూర్చున్నాను. ఖాసీం సాబ్ చెంబు తెచ్చి దర్గా చూసుకునే ముజావర్ ముందర పెట్టినాడు.

ముజావర్ వంగి వాసన చూసి తలెత్తినాడు. "సాబ్, ఇది నీళ్లు గదా?"

"నీళ్లే," అన్నాడు ఖాసీం సాబ్. "మా బావివి. తోట తీసేస్తిమి. కొన్నది పోసేది లేదు గదా."

ఉత్త నీళ్లతోనే గంధం కలిపినారు. ఆయన నన్ను చూడలేదు, కోపంతో కాదు, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక. ఊరంతటికీ తెలుసు పీకించింది ఎవరో. గంధం నా మెడకు పూసినప్పుడు సిగ్గుతో చచ్చిపోయినాను.

ఆ మరుసటి ఏడూ నీళ్లే. ఆ పై ఏడూ నీళ్లే. ఆయన ఒక్క ఏడు కూడా చెంబు తేవడం మానలేదు.

నా కత్తి

అప్పటి నుంచి ఆ చెట్టు కోసం వెతకడం మొదలుపెట్టినాను. కోడుమూరు పోయినాను. సుంకమ్మ లేదు, స్నానాల బండ లేదు, ఆడ సిమెంటు గోడ లేచింది. పత్తికొండ పక్క రెండు ఊర్లు తిరిగినాను. నర్సరీల్లో "నాటు గులాబీ కావాలప్పా" అంటే గులాబి రంగులో ఉండేది ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్లు. మూడుసార్లు మూడు చెట్లు తెచ్చి హుస్సేన్‌బీకి ఇచ్చినాను. ఆమె పూసేదాకా పెంచి, రేకు నలిపి వాసన చూసి, "ఇది కాదు నాయనా," అనేది. నొప్పించకుండా చెప్పేది. నాకు మాత్రం ఆమె తిట్టినా బాగుండు అనిపించేది.

ఇంక నా బుద్ధి తక్కువ పని. అంటు అంటే ఏమిటో తెలియనోళ్లకు రెండు మాటలు చెప్తాను. కింద మొండి రకం మొదలు ఉంటుంది. దానికి గాటు పెట్టి అమ్ముడుపోయే రకం చిగురు కన్ను అతికిస్తారు. కిందది వేరు, పైది పువ్వు. అప్పుడప్పుడు అతుకు కింద నుంచి ఆ మొండి రకం తలెత్తి కొమ్మ వేస్తుంది. దాన్ని మేము దొంగ పిలక అంటాం. పైచెట్టు బలం తినేస్తుందని కనపడగానే కోసెయ్యమని నేర్పుతాం. నేను వందల మందికి నేర్పినాను. జేబులో ఎప్పుడూ మడత కత్తి ఉండేది.

ఖాసీం సాబ్ తోటకు పోయిన ప్రతిసారీ తెచ్చిన చెట్టు ఇచ్చి, టీ తాగి, వస్తా వస్తా సాళ్లలో వంగి దొంగ పిలకలు కోసేసి వచ్చేవాడిని. చేసిన తప్పుకు ఏదో సాయం చేస్తున్నానని తృప్తి కూడా పడేవాడిని.

నన్ను మళ్లీ కర్నూలు పక్కకు మార్చినారు. రెండేళ్లు వానల్లేవు, ఆయన బావి కూడా అడుగంటింది. ఎర్ర గులాబీలు పైనుంచి కిందికి ఎండిపోయినాయి. ఉద్యోగం నుంచి దిగే ముందు ఒకసారి చూసి వద్దామని పోయినాను. తోట నిండా ఎండుపుల్లలు. బావి గట్టు దగ్గర ఒక మోడు కింద నుంచి మాత్రం పచ్చగా మూరెడు కొమ్మ లేచి ఉంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. కత్తి తెరిచినాను కూడా.

హుస్సేన్‌బీ గట్టు మీద నుంచి అనింది: "ఉండనీ నాయనా. మొగ్గ ఏసింది. పచ్చగా ఉండేది అదొక్కటే గదా."

వంగి చూసినాను. మొగ్గ కొస కొంచెం విచ్చి ఉంది, లేత గులాబి రంగు. గోరుతో రేకు తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

సుంకమ్మ ఇంటి ముందర చూసిన పువ్వు వాసనే అది. అంటుగులాబీలకు కింద మొదలుగా మన దేశంలో చానాచోట్ల వాడేది ఆ పాత గులాబీనే. మొండిది గదా, నీళ్లు లేకున్నా బతుకుతుందని. ఇది నాకు తెలియనిది కాదు. చదువుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ అతుకు కింద ఉండేదాన్ని మేము చెట్టుగా చూడం. దానికి పువ్వు ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. నేను పీకించిన గులాబీని నేనే బండికెత్తి తెచ్చి, అదే మడిలో వందల మొదళ్లు నాటించినాను. దాని కోసం రెండు జిల్లాలు తిరిగినాను. అది తలెత్తినప్పుడల్లా నా చేత్తోనే కోసినాను. ఏడుపు ఆగలేదు నాకు, ఆమె ముందరే ఏడ్చినాను.

ఖాసీం సాబ్ వచ్చినాడు. విషయం చెప్పినాను. ఆయన వంగి ఆ కొమ్మ చూసి, "అయితే ఇన్నాళ్లూ ఈడనే ఉండాదా సారూ," అన్నాడు.

రెండు ఏండ్లు

బతికున్న మొదళ్లు పద్నాలుగు తేలినాయి. ఆ ఏడు వాన పడి బావిలో మళ్లీ నీళ్లు ఊరినాయి. పై పుల్లలన్నీ కోసేసి కింద చిగుళ్లను రానిచ్చినాం. పుల్లలు గుచ్చి పెంచినాం. అప్పటికి నేను రిటైరైనాను, కడప నుంచి వారానికొకసారి మొదటి బస్సుకు పోయేవాడిని. జీతం తీసుకొని చేసిన పనికంటే ఆ రెండేళ్ల పని ఎక్కువ శ్రద్ధగా చేసినాను, ఒప్పుకుంటాను.

ఖాసీం సాబ్‌కు ఆయాసం ముదిరింది. నాలుగు అడుగులేస్తే కూర్చునేవాడు. "ఒక్క ఉరుసుకన్నా ఇంటి పన్నీరు పోసి పోతే సాలు సారూ. నీళ్ల చెంబు పట్టుకొని పోయి పోయి నాకు మొకం చెల్లడంల్యా," అన్నాడు ఒకరోజు. మొదటి ఏడు పూలు దోసెడు కూడా రాలేదు, మళ్లీ నీళ్లే తీసుకుపోయినాడు. రెండో ఏడు ఉరుసుకు ఇరవై రోజులుందనంగా చెట్లన్నీ ఒక్కసారి మొగ్గ తొడిగినాయి. డేగిశాకు సరిపోతాయని హుస్సేన్‌బీ లెక్క కట్టింది. తెల్లారితే విచ్చుతాయనంగా, ఒక సాయంత్రం ఆయన పోయినాడు.

తెల్లారి నేను చేరేసరికి ఇల్లంతా జనం. గడప లోపల ఆడవాళ్ల మధ్య హుస్సేన్‌బీ కూర్చొని ఉంది. నన్ను చూసి కండ్లు తుడుచుకుంది.

"పూలు విచ్చింటాయి. ఎండ రాకముందే కొయ్యల్ల," అనింది. "ఈ పొద్దు తప్పితే ఉరుసుకు మల్లా ఇన్ని రావు."

"అమ్మా, ఈ పొద్దు ఆయన గోరీ మట్టికి గదమ్మా ఆ పూలు," అన్నాను.

"మట్టికి అంగట్లోవి తెప్పిచ్చండి. ఆయన ఏమీ అనుకోడు. ఇవి డేగిశాలోకే పోవల్ల."

"ఎవరు కోస్తారమ్మా?"

"మీరే కొయ్యండి సారూ. పీకిచ్చింది మీరు గదా, మీరే కొయ్యండి."

అన్నేండ్లలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరన్నా అనడం అదే మొదలు. కోపంతో అనలేదు. పని ఎవరిదో వాళ్లకు చెప్పినట్టు చెప్పింది.

కోసినాను. మంచు ఆరకముందే అయిపోయింది. చేతుల నిండా ముండ్లు గీసుకున్నాయి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు గాబట్టి బావి దగ్గర మూడు రాళ్లు పెట్టి డేగిశా ఎక్కించినాను. ఇటుక ఎట్లా పెట్టాలో, పిండి ఎంత మెత్తాలో ఆమె లోపల నుంచి చెప్తే పక్కింటామె వచ్చి నాకు చెప్పేది. చివరకు బుడ్డి నిండలేదు, ముక్కాలు బుడ్డి అయింది. ఉరుసు నాడు దాన్నే గంధంలో పోసినారు.

ఆ పొద్దు డేగిశా ఇంకా పొయ్యి మీద ఉండంగనే, ఆయన్ను మోసే జనాజా మధ్యాన్నం నమాజుకు లేచింది. బావి పక్క బాటలోనే పోవాలి. ముందర పోయే మనిషి చేతిలో కమలాపురం బస్టాండు అంగట్లో కొన్న పూల సంచి ఉంది. దొరికినవి ఎర్ర గులాబీలే. నేను లేచి నిలబడినాను. మోస్తున్నోళ్లలో ఒకాయన నా పక్క చూసి, "భుజం పడతారా సారూ, నాలుగడుగులు?" అని అడిగినాడు.

పట్టాలనే ఉంది. ఆయన్ను నాలుగడుగులు మోస్తే నా గుండె బరువు కొంచెం దిగుతుందనుకున్నాను. మూత మీద నీళ్లు కాగి పొగలొస్తున్నాయి.

"మీరు పోండప్పా," అన్నాను. మళ్లీ కూర్చొని ఆ నీళ్లు తీసి, చల్లనీళ్లు పోసినాను.